ఎర్రజెండా వెనక ఎథికల్ హ్యాకరు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ నా రాక కోసమే తలుపులు ఓరగా వేసుకుని కూర్చున్నాయని. రెండోది, ఈ సంగతి మా నాన్నకి తప్ప అందరికీ అర్థమైందని. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మొదటి నమ్మకంలో కొంత నిజం ఉంది, రెండోదాన్లో బొత్తిగా లేదు. అయినా ఇరవై మూడేళ్ళ వయసులో మనిషి నడిచేది నిజాల మీద కాదు, నమ్మకాల మీద (బండిలో పెట్రోలు మాత్రం నాన్న పోయిస్తాడు).

మాది రాయపూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. గూడ్సు వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపు పక్కనే మా క్వార్టర్లు. మా తాతగారు విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కుదురుకున్నారు. ఇంట్లో మేం మాట్లాడేది అచ్చమైన విజయనగరం తెలుగేనని మా అభిప్రాయం. అక్కడినుంచి వచ్చిన చుట్టాలు మాత్రం రెండు రోజులు మర్యాదగా విని, రైలెక్కేముందు "మీ హిందీ బానే అర్థమవుతాది" అనేవారు. నాన్న ఉద్యోగం వ్యాగన్లను పరీక్షించి లోపాలు రాయడం. చేతిలో సుద్దముక్క పట్టుకుని వ్యాగను చుట్టూ తిరుగుతూ, పగులున్న చోట గీత, అరిగిన చోట గుండ్రం, బోల్టు పోయిన చోట ఒక అడ్డగీత పెట్టేవాడు. అందుకని వర్క్‌షాపులో ఆయన్ని అందరూ సుద్దముక్క అనేవారు. పని పూర్తికాకుండా ఏ వ్యాగను మీదా 'ఫిట్' అని రాసిన పాపాన పోలేదు. ఎంత పెద్ద ఆఫీసరొచ్చి "రేపు అయిపోతుందయ్యా, ఇవాళే రాసెయ్" అన్నా, "అయితే రేపే రాస్తాను సార్" అనేవాడట. ఈ కీర్తి గురించి ముందే చెప్పడానికి కారణముంది. కాస్త ఓపిక పట్టండి.

ఇంజనీరింగ్ అయ్యాక నేను ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్టు పరీక్షకి తయారవడం మొదలుపెట్టాను. అంటే యజమాని అడిగితే, ఆయన కంప్యూటర్ వ్యవస్థలోకి దొంగ ఎక్కడెక్కడ దూరగలడో మనమే దూరి చూసి, కన్నాలన్నీ రాసిచ్చి, మర్యాదగా బయటికి రావడం. అమ్మ దీన్ని ఇరుగుపొరుగుకి తన పద్ధతిలో వివరించింది. "దొంగతనం నేర్పిస్తన్నారమ్మా. సర్టిఫికెట్ కూడా ఇత్తారట." నేను కోచింగ్‌కి వెళ్ళేది ఊరి చివర టాటీబంధ్‌లో, లారీ టైర్ల దుకాణం మీది గదికి. కింద లారీల హారన్లు మోగుతుంటే పైన మేం ప్రపంచ భద్రత గురించి పాఠాలు వినేవాళ్ళం. పాఠం చెప్పే ఆయన ఛత్తీస్‌గఢీ మనిషి. మేం పెట్టిన పేరు పర్మిషన్ సర్. ఎవరు ఏం చేశానని గొప్పలు చెప్పుకున్నా ఆయన అడిగేది ఒక్కటే, "పర్మిషన్ హై క్యా?" యజమాని రాతపూర్వకంగా అనుమతి ఇవ్వకుండా చేస్తే అది హ్యాకింగ్ కాదు, కేసు. ఈ ముక్క ఆయన రోజూ చెప్పేవారు, మేం రోజూ ఆవలించేవాళ్ళం.

మొదటిసారి ప్రాక్టికల్ పరీక్షలో తప్పాను. కంప్యూటర్లలోకి దూరడంలో కాదు, దూరినవాటి గురించి రిపోర్టు రాయడంలో. నేనది యుద్ధకాండలా రాశాను. "అభేద్యమైన కోటగోడ నా మూడో ప్రయత్నానికి కంపించింది" అన్న భావం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఒకటి ఇప్పటికీ గుర్తుంది. కోట ఎక్కడుందో, గోడ ఏదో, ఎలా కంపించిందో మాత్రం అందులో లేదు. పరీక్ష పెట్టినవాళ్ళు రెండే ముక్కల్లో, రిపోర్టు చాలదు అన్నారు. నాన్న ఆ రెండు ముక్కలూ చదివి, బీరువా సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరడానికి దరఖాస్తు. గడువు రెండు నెలలు. "ఇంకొక్కసారి రాసుకో. అవ్వలేదనుకో, ఈ ఫారమ్ నింపాల" అన్నాడు. కేకల్లేవు, ఉపన్యాసం లేదు. సుద్దగీత పెట్టినట్టు చెప్పి కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేశాడు. నేను మటుకు ఆ రాత్రి అన్నం మానేసి నాటకం ఆడదామనుకున్నాను కానీ, ఆ పూట వంకాయ కూర.

పర్మిషన్ సర్ కూడా ఒక షరతు పెట్టారు. నిజంగా ఎవరిదో ఒక వెబ్‌సైటు, వాళ్ళ రాతపూర్వకమైన అనుమతితో పరీక్షించి, మనిషికి అర్థమయ్యే రిపోర్టు రాసి తెస్తేగానీ రెండోసారి పరీక్షకి పంపనన్నారు. నాకు అనుమతి ఇచ్చేంత అమాయకులు ఎవరున్నారా అని ఆలోచిస్తే మా కాలనీ తెలుగు సంఘం తట్టింది. సంఘానికి ఒక వెబ్‌సైటు ఉంది. కార్యదర్శిగారి మేనల్లుడు పుణెలో ఉంటూ సెలవుల్లో తయారుచేసిచ్చాడు. అందులో సభ్యుల వివరాలు, ఫొటోలు, పెళ్ళి సంబంధాల పేజీ ఉండేవి. కార్యదర్శి అంటే మా రిమార్క్స్ బాబాయి. రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరైనా, కాగితం కనిపిస్తే మార్జిన్లో రిమార్కు రాయకుండా ఆయన చెయ్యి ఊరుకోదు. ఎవరైనా శుభలేఖ ఇస్తే "చూడడమైనది" అని రాసి, సంతకం పెట్టి, ఫైల్లో దాచుకునేవారు.

ఆయన దగ్గరికెళ్ళి నోటితో అడిగాను. "బాబూ, నోటితో అడిగింది గాలికి పోతాది. కాగజ్ మీద పెట్టు" అన్నారు. పెట్టాను. 'విషయము' అన్న గీత లేదని వెనక్కి పంపారు. ఆ గీత పెట్టి ఇస్తే, దరఖాస్తుదారు సభ్యుడు కాదు, సభ్యుడి కొడుకు, కాబట్టి సభ్యుడి ద్వారా రావాలని మళ్ళీ పంపారు. అంటే ఈ చదువంటేనే గిట్టని నాన్న నా దరఖాస్తుని సిఫార్సు చెయ్యాలన్నమాట. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, కింద ఇలా రాశాడు: "పంపడమైనది. పరిశీలించవచ్చు. కుర్రవాడు ఇంటివద్ద ఖాళీగానే ఉన్నాడు." ప్రపంచంలో ఏ ఎథికల్ హ్యాకరుకీ ఇంత సమగ్రమైన పరిచయపత్రం దొరికి ఉండదు.

తరవాత కమిటీ సమావేశం. అయిదుగురు పెద్దలు, అందరూ రైల్వే రిటైర్లే. రిమార్క్స్ బాబాయి అజెండా చదివారు. దీనివల్ల సంఘం భవనానికి ఏమైనా నష్టమా అని ఒకాయన అడిగారు. నా చేతులు చూపించి, వీటితో గోడలు పగలవని చెప్పాను. అప్పుడు అధ్యక్షులవారు గొంతు సవరించుకుని ఒక సవరణ ప్రతిపాదించారు. మన వెబ్‌సైటుని మనమే ఎందుకు పాడుచేసుకోవాలి, పక్క ఊరి తెలుగు సంఘంవాళ్ళకి కూడా ఒకటుంది కదా, కుర్రాడు దాన్ని పరీక్షించుకోవచ్చని. (ఆ సంఘంవాళ్ళు అంతకుముందు ఏడాది నాటకాల పోటీ కప్పు పట్టుకుపోయారు. మా కమిటీ ఇంకా ఆ శోకంలోనే ఉంది.) సవరణ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. సంతకాలు చేసి ముద్ర కూడా కొట్టారు. పక్కింటి తలుపు విరగ్గొట్టడానికి నాకు ఇంత క్రమబద్ధంగా అనుమతి ఇచ్చినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. తమది కాని దానికి అనుమతి ఇవ్వడం కుదరదని వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది. "అయితే ఈ చదువు ఎందుకూ?" అని అధ్యక్షులవారు నిజంగానే నొచ్చుకున్నారు.

అంతసేపూ వెనక కుర్చీలో ఉన్న నాన్న అప్పుడు ఒక ప్రశ్న అడిగాడు. "నువ్వు లోపలికి దూరి చూస్తన్నప్పుడు ఆ పుణె కుర్రోడు పైనుంచి ఏదైనా కదిపితేనో?" నేను బిక్కమొహం వేశాను. వర్క్‌షాపులో వ్యాగను కింద దూరేముందు దానికి ఎర్రజెండా పెడతారు. జెండా ఉన్నంతసేపు ఎవరూ ఆ వ్యాగన్ని కదపకూడదు. జెండా పెట్టినవాడే వచ్చి తీయాలి, ఇంకెవరూ ముట్టకూడదు. ఈ నియమం పుట్టకముందు మా అమ్మ తండ్రిగారికి ఒక చెయ్యి పోయింది. అందుకని మా కాలనీలో జెండా అంటే ఎవరూ హాస్యాలాడరు, నేను కూడా. నాన్న అడిగింది పర్మిషన్ సర్ పుస్తకంలో నాలుగో అధ్యాయం. నేను మూడోదానితో ఆపేశాను. వెంటనే మేనల్లుడికి ఫోన్ చేసి, ఫలానా ఆదివారం వెబ్‌సైటుని ముట్టుకోవద్దనీ, ముందే ఒక నకలు తీసి దాచమనీ చెప్పించాం.

చివరికి మూడు వారాలకి అనుమతిపత్రం చేతికొచ్చింది. అందులో షరతులున్నాయి. పరీక్ష ఆదివారం ఉదయం పదింటికి మొదలుపెట్టాలి. 'దాడి' అనే మాట వాడకూడదు, 'తనిఖీ' అనాలి. నష్టం జరిగితే దరఖాస్తుదారు తండ్రి బాధ్యుడు. తనిఖీ కమిటీవారి సమక్షంలోనే జరగాలి. ఆ ఆఖరి షరతు చదివినప్పుడు నాకు గర్వం కలిగింది. భయం కలగాల్సింది.

ఆదివారం సంఘం హాల్లోకి అడుగుపెడితే కమిటీ అయిదుగురే కాదు, నలభైమంది ఉన్నారు. గోడమీద ప్రొజెక్టరు వెలుతురు. వెనక ఉప్మా వాసన. అమ్మ మరో ఆరుగురు ఆడవాళ్ళతో ముందు వరసలో కూర్చుంది, మంచి చీర కట్టుకుని. నేను లాప్‌టాప్ కలిపి తనిఖీ మొదలుపెట్టాను. గోడమీద నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అవీ నిమిషానికొకటి. సినిమాలో చూసినట్టు బొమ్మలు పేలతాయని వచ్చినవాళ్ళు పావుగంట ఓర్చుకున్నారు. తరవాత ఒకరిద్దరు కునికారు. రిమార్క్స్ బాబాయి మాత్రం మినిట్స్ పుస్తకంలో "పది నలభై. ఏమియూ జరగలేదు" అని రాసుకున్నారు. మళ్ళీ "పది యాభై. యథాతథము."

పదకొండున్నరకి నాకొక అనుమానం వచ్చింది. సభ్యులెవరైనా తమ పేజీ తెరిస్తే పైన చిరునామా చివర వాళ్ళ సభ్యత్వం నంబరు కనిపిస్తోంది. ఆ నంబరు చెరిపి ఇంకొకరి నంబరు కొడితే? తలుపు దగ్గర కాపలావాడు "ఏ ఇంటికి?" అని అడిగి, మనం ఏ ఇంటి నంబరు చెబితే ఆ ఇంటి తాళం చేతిలో పెట్టేస్తే ఎలా ఉంటుందో అలాంటి కన్నం అన్నమాట. ఉండకూడదు. కానీ మేనల్లుడు సెలవుల్లో చేశాడు. రిమార్క్స్ బాబాయి నా లాప్‌టాప్ మీదే తన పేరూ, పాస్‌వర్డూ కొట్టి తన పేజీ తెరిచి నాకిచ్చారు. పరాయివాళ్ళ వివరాలు చూడడం నీతి కాదు కాబట్టి, నేను ఎంతో ఎథికల్‌గా మా ఇంటి సభ్యత్వం నంబరే కొట్టాను. నూట పదిహేడు.

తెరుచుకుంది. ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట. ఇలాంటి తనిఖీ నలభైమంది ముందు గోడమీద వెలుగుతున్న ప్రొజెక్టరుతో చెయ్యకూడదని ఏ పుస్తకంలోనూ రాయలేదు. అలా చేసేవాడు ఉంటాడని పుస్తకాలు రాసేవాళ్ళకి తోచి ఉండదు. గోడమీద నిలువెత్తున వచ్చింది మా ఇంటి పెళ్ళి సంబంధాల పేజీ. పైన నా ఫొటో. మా పెద్దమ్మ కొడుకు కోటు వేసుకుని, దేశ రక్షణ శాఖ నా చేతిలోనే ఉన్నట్టు చూస్తున్నాను. ఎత్తు రెండంగుళాలు పెంచి ఉంది. అలవాట్లు: "ఏమీ లేవు." ఉద్యోగం అన్న గడిలో: "సైబర్ సెక్యూరిటీ ఇంజనీరు, నయా రాయపూర్."

కునికినవాళ్ళు కూడా లేచారు. అప్పటికి ఆ కొత్త ఆఫీసుల నగరానికి నేను వెళ్ళింది రెండేసార్లు, ఆ విశాలమైన ఖాళీ రోడ్ల మీద బండి నేర్చుకోవడానికి. ముందు వరసలో ఒకావిడ అమ్మ చెయ్యి నొక్కి, ఎప్పుడు చేరాడు, చెప్పనేలేదేమని అడిగింది. అమ్మ వెనక్కి తిరిగి నాన్నని చూసింది. నాన్న పైనున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. అవి మూడే, అయినా చాలాసేపు లెక్కపెట్టాడు. అమ్మకి కంప్యూటరు తెరవడం రాదు, కాబట్టి ఆ గడి నింపింది ఎవరో హాలంతటికీ అర్థమైంది. పని అవ్వకుండా వ్యాగను మీద ఫిట్ అని రాయని సుద్దముక్క, నా మీద మాత్రం రాసేశాడు.

రిమార్క్స్ బాబాయి కళ్ళజోడు పైకి తోసుకుని గోడని రెండుసార్లు చదివారు. సంఘం రికార్డులో ఉన్నది నిజమై ఉండాలి, లేదా దిద్దాలి. నాన్న ముఖం చూసి దిద్దడం ఆయనకిష్టం లేకపోయింది. మినిట్స్ పుస్తకం తెరిచి, రాస్తూనే పైకి చదివారు. "నూట పదిహేడవ నంబరు నమోదు వాస్తవానికంటే కొంచెం ముందున్నట్టు తనిఖీలో తేలినది. వాస్తవాన్ని నమోదుకు సమానం చేయు బాధ్యత దరఖాస్తుదారునిది. సర్టిఫికెట్టు దాఖలు చేసినచో సగం అమలుగా పరిగణించబడును." అందరూ చప్పట్లు కొట్టి ఉప్మా దగ్గరికి వెళ్ళారు. ఆ రోజు బయటపడిన ఒకే ఒక్క రహస్యాన్ని బయటపెట్టింది నేనే. అది మా ఇంటిదే.

ఇంటికొచ్చాక నాన్నని అడిగాను, ఆ గడిలో రాసిందేమిటని. ఆయన చొక్కా వంకీకి తగిలిస్తూ, "అప్రెంటిస్ ఫారమ్ నింపబోతన్నాడు అని రాస్తే ఎవులిత్తార్రా పిల్లని?" అన్నాడు. పని అవ్వకుండా ఫిట్ అని రాయవు కదా నువ్వు, అన్నాను. "వ్యాగన్‌కి రాయను" అన్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "నువ్వు వ్యాగనువేటి?" అని బయటికెళ్ళిపోయాడు. ఆ మాటలో నమ్మకం ఎంత, పెళ్ళిచూపుల వ్యాపారం ఎంత అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒకటి మాత్రం తేలింది. ఇప్పుడు నేను తప్పితే తప్పేది నేనొక్కణ్ణే కాదు. ముప్ఫయ్యేళ్ళలో సుద్దముక్క పెట్టిన ఒకే ఒక్క తప్పు గీత మినిట్స్ పుస్తకంలో శాశ్వతంగా ఉండిపోతుంది, సంతకాలతో సహా.

ఆ వారం కూర్చుని రిపోర్టు రాశాను. ఇరవై రెండు పేజీలు. 'ఘోరమైన', 'ప్రళయం', 'సర్వనాశనం' వంటి అర్థాలు వచ్చే ఇంగ్లీషు మాటలు పేజీకి మూడు చొప్పున పడ్డాయి. నాన్న ఒక సాయంత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ నాలుగు పేజీలు చదివి, ఇందులో పగిలిందెక్కడ అని అడిగాడు. చెప్పాను. మరి అది పదిహేనో పేజీలో ఎందుకుందన్నాడు. అప్పుడు నన్ను వర్క్‌షాపుకి తీసుకెళ్ళి, వరసగా నిలబెట్టిన వ్యాగన్లు చూపించాడు. ప్రతిదాని మీదా సుద్దగీతలు. ఎక్కడ పగిలిందో అక్కడే గీత. పక్కన ఏం చెయ్యాలో ఒక్క ముక్క. గీత చూసి ఫిట్టరు పని మొదలుపెట్టేయాలి, వచ్చి అడగకూడదు. "బండి పగిలిందని సెప్పు చాలు. బండి తరపున నువ్వేడవక్కర్లేదు" అన్నాడు. కోచింగ్‌లో ఆరు నెలలు చెప్పినా నాకెక్కని పాఠం గూడ్సు వ్యాగన్ల మధ్య పది నిమిషాల్లో ఎక్కింది. (ఈ సంగతి పర్మిషన్ సర్‌కి ఇంతవరకూ చెప్పలేదు.)

రిపోర్టు నాలుగు పేజీలకి దిగింది. ఎక్కడ కన్నం, ఎలా కనిపెట్టాను, ఎలా పూడ్చాలి, అంతే. రుజువుగా తెర ఫొటో పెట్టాలి. మిగతా సభ్యుల వివరాలు చూపించకూడదు కాబట్టి, చూపించే హక్కున్న పేజీ ఒక్కటే మిగిలింది, మాది. పర్మిషన్ సర్ మొదట అనుమతిపత్రాన్ని అయిదు నిమిషాలు చూశారు. ముద్రలూ, షరతులూ, "ఖాళీగానే ఉన్నాడు" అన్న సిఫార్సూ నేను హిందీలోకి మార్చి చెబుతుంటే వింటూ, ఇన్నేళ్ళలో ఇంత గట్టి పర్మిషన్ చూడలేదన్నారు. తరవాత రుజువు పేజీ దగ్గర ఆగి, ఈ గడిలో ఏం రాసుందని అడిగారు. దాన్నీ చెప్పాను. కింద ఎవరో లారీవాడు హారను కొడుతూనే ఉన్నాడు. అది ఆగేదాకా ఆగి, "అబ్ తో పాస్ హోనా హీ పడేగా, బేటా" అన్నారు. ఇక పాసవ్వక తప్పదని. కోచింగ్ మొత్తంలో ఆయన అనుమతి అడగకుండా ఇచ్చిన ఆదేశం అదొక్కటే.

రెండో పరీక్ష ఇంట్లోనే, కెమెరా ముందు. ఆరు గంటలు. ఎక్కడో దూరాన కూర్చున్న పర్యవేక్షకుడు కెమెరాలోంచి చూస్తూంటాడు. గదిలోకి ఇంకో మనిషి వచ్చినా, మాట వినిపించినా పరీక్ష రద్దు. మా క్వార్టర్లో ఉన్నవి రెండే గదులు, వీధి తలుపు తీస్తే నా బల్లే. రోజులో పాలవాడి నుంచి చీటీల పిన్ని దాకా పాతికమంది ఆ తలుపు తోసుకునే వస్తారు. తట్టడం మా కాలనీలో అవమానం కింద లెక్క. నేను గడియ పెట్టుకుంటానంటే అమ్మ నవ్వింది. గడియ పెడితే లోపల ఏమైందోనని తలుపు విరగ్గొడతారంది. అది నిజమే. నాన్న డ్యూటీకి బయల్దేరుతూ సంచిలోంచి ఎర్రజెండా ఒకటి తీసి, వీధి తలుపు గొళ్ళేనికి కట్టి వెళ్ళిపోయాడు.

పది నుంచి నాలుగు దాకా మా ఇంటి ముందు చీమ కూడా ఆగలేదు. పాలవాడు గుమ్మం ముందు సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళాడట. చీటీల పిన్ని వచ్చి, జెండా చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగిందట. ఎదురింటి రేడియో తనంతట తనే ఆగింది. నేను లోపల దూరాల్సిన కంప్యూటర్లలో దూరి, పగిలిన ప్రతిచోటా ఒక గీత పెట్టినట్టు రిపోర్టు రాసి, ఒక్క కోటగోడ కూడా కంపించకుండా నాలుగింటికి పంపేశాను. కెమెరా ఆరింది. ఉదయం తిన్న రెండు ఇడ్లీలు ఎప్పుడో చరిత్రలో కలిసిపోయాయి. తలుపు దగ్గరికెళ్ళి, అయిపోయింది, వస్తున్నానన్నాను.

"ఉండరా. నాన్న రాలేదు" అంది అమ్మ అటువైపు నుంచి. ఆవిడ ఉదయం నుంచి పక్కింటి అరుగు మీదే కాలక్షేపం చేస్తోంది.

పరీక్ష అయిపోయిందమ్మా అన్నాను. జెండా పెట్టినోడే తియ్యాలంది. ఇది వ్యాగను కాదు, నేను దాని కింద లేను, రైలింజను మా వీధిలోకి రాదు అని వాదించాను. చెయ్యి పోయిన మనిషి కూతురితో ఈ విషయం వాదించే అర్హత నాకు లేదని అప్పుడు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ రోజే వర్క్‌షాపులో ఏదో అత్యవసరమై నాన్న రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. కిటికీ ఊచల్లోంచి అమ్మ ఒక్కొక్కటిగా చేగోడీలు అందించింది, చెయ్యి మాత్రం ఊచలు దాటనివ్వకుండా. ఎన్నో తలుపులు తెరిచి వచ్చిన ఎథికల్ హ్యాకరు, గడియైనా పెట్టని సొంత ఇంటి తలుపు వెనక ఆరింటిదాకా చేగోడీలు నములుతూ కూర్చున్నాడు. నాన్న వచ్చి, జెండా విప్పి, మడత పెట్టి సంచిలో వేసుకుని, "అయిందేటి?" అన్నాడు. అయిందన్నాను. ఆయన అడిగింది అంతే.

అప్రెంటిస్ ఫారం గడువుకి నాలుగు రోజుల ముందు ఫలితం వచ్చింది. పాసయ్యాను. నాన్న సొరుగులోంచి ఫారం తీసి, వెనకవైపు ఖాళీగా ఉందని పాల లెక్కకి ఉంచమని అమ్మకిచ్చాడు. సర్టిఫికెట్టు నకలు రిమార్క్స్ బాబాయికి దాఖలు చేస్తే "సగం అమలు" అని రాసుకున్నారు. మిగతా సగానికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్ని నెలలూ ప్రతి సమావేశంలోనూ "నూట పదిహేడు: పెండింగు" అని చదివేవారు, నాన్న ఫ్యాను చూసేవాడు. నయా రాయపూర్‌లో నేను ఉద్యోగంలో చేరిన రోజు బాబాయి మా ఇంటికొచ్చి, చేరిక ఉత్తర్వు చదివి, పుస్తకంలో "వాస్తవము నమోదును చేరుకొన్నది. ముగించడమైనది" అని రాసి నాన్న చేత సంతకం పెట్టించుకున్నారు. నాన్న ఆ సంతకం కింద, అలవాటు కొద్దీ కావచ్చు, 'ఫిట్' అని రాశాడు.

ఇప్పుడు నాన్న రిటైరయ్యాడు. సంఘం నాకు ఏటా ఒక అనుమతిపత్రం ఇస్తుంది, అవే షరతులతో (ప్రొజెక్టరు వాడరాదు అన్నది కొత్తగా చేరింది). కన్నం ఎప్పుడో పూడ్చాం. మొన్నటి తనిఖీలో ఊరికే మా ఇంటి పేజీ తెరిచి చూశాను. నాకు పెళ్ళయి మూడేళ్ళు, ఈ పేజీతో సంబంధం లేకుండానే. ఎవరూ తీసెయ్యలేదు. ఎత్తు తప్పు. వయసు తప్పు. 'అలవాట్లు: ఏమీ లేవు' అన్నది నా భార్య ఒప్పుకోదు. పేజీ మొత్తంలో దిద్దక్కర్లేని గడి ఒక్కటే, రాసినప్పుడు అబద్ధమైన ఆ ఒక్కటి. ఫొటోలో ఆ అరువు కోటు కుర్రాడు, తను ఎక్కడ పనిచేస్తున్నాడో తెలియకుండానే, అంత ధీమాగా నన్నే చూస్తున్నాడు. వాడికి ఒక్క మాట చెప్పాలనిపించింది, లోపల బెంగపడక్కర్లేదురా, గడి నింపినాయన సరిగ్గానే నింపాడు అని. కానీ అనుమతిపత్రంలో ఆ సంగతి లేదు. రాతపూర్వకంగా లేనిది మేం చెయ్యం.